ఎవరూ చెప్పని క్లాసు

పరాయి దేశానికి చదువుకోడానికి వచ్చి ఏడాదైనా, ఆమె పాలగిన్నె మూత తీసి వాసన చూడందే టీ పెట్టుకోదు. తోటివాళ్లు చాటుగా అనుమానపు పక్షి అంటారు. చాటుగా అంటున్నారన్న అనుమానమూ ఆమెకుంది. క్లాసులు ఎంచుకునే రోజులొస్తే ఇక చెప్పనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌తో గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. ఎవరైనా పక్కకొస్తే టప్పున మూసేస్తుంది. సీనియర్లను ఒక్కొక్కరినే పట్టుకుని, "ఏ క్లాసు మంచిదన్నా?" అని అడుగుతుంది. వాళ్లు చెప్పింది మాత్రం చచ్చినా తీసుకోదు. నిజంగా మంచిదైతే మనకెందుకు చెబుతారని ఆమె లెక్క.

ఈసారి ఆమె గదిలోనే ఉండే స్నేహితురాలు, "ఇద్దరం డేటాబేస్ తీసుకుందామే, కలిసి చదువుకోవచ్చు" అంది. "అలాగేనే" అని, ఆ పిల్ల స్నానానికి వెళ్లగానే, ఎవరి నోటా వినని క్లాసొకటి వెతికి చేరిపోయింది. మొదటిరోజు వెళ్లేసరికి గదంతా ఖాళీ. చివరి వరసలో మాత్రం స్నేహితురాలు కూర్చుని ఉంది.

"డేటాబేస్ అన్నావుగా?"

"నువ్వు అలాగేనే అన్నావుగా?"

అంతలో ప్రొఫెసరు వచ్చి తల గోక్కున్నాడు. "ఇద్దరితో క్లాసు నడవదమ్మా, రద్దు చేస్తున్నారు. క్లాసులు మార్చుకునే గడువు ఈ సాయంత్రంతో అయిపోతుంది. ఒక్క క్లాసు తగ్గినా మీ వీసాకే ఎసరు. డేటాబేస్‌లో ఇంకా సీట్లున్నాయి, త్వరగా వెళ్లండి."

స్నేహితురాలు సంచీ అందుకుని పరుగెత్తబోయింది. అనుమానపు పక్షి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, చెవిలో గొణిగింది.

"మనల్ని ఇంత తొందరగా పంపించేస్తున్నాడంటే, ఈ క్లాసులో ఏదో ఉందే."