అంబదాస్ కాక దవడ పన్ను

అంబదాస్ కాకకు ఒకటే అలవాటు. ఎవరు ఎదురొచ్చినా ముందు పండ్లు చూపెడతడు. రామ్ రామ్ ఆ తర్వాత.

నవ్వి చూపెట్టుడు కాదు. రెండు వేళ్లతో పై పెదవిని ఎత్తి పట్టి, మెడ కొంచెం వెనక్కి వంచి, అంగట్లో ఎద్దు పండ్లు చూపెట్టినట్టు చూపెడతడు. ఎద్దూ ఆయనే, అమ్మేటోడూ ఆయనే. ముందు పండ్లకు అడ్డంగా ఒక ఇనుప తీగె, బట్టలారేసే దండెం లాగ మెరుస్తుంటది. నలభై ఆరేండ్ల మనిషి. ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లు చేసిండు. నెత్తి మీద సగం వెంట్రుకలు పోయినయి. ఈ వయసులో పండ్లు సక్కజేసుకుంటుండని బెల్లంపల్లి అంతా ఆయన ముచ్చటే.

ఇంకో విచిత్రం ఏందంటే, ఆయన పండ్లు మొదటి నుంచీ మక్కకంకి గింజల లాగ వరుసగా ఉన్నయి.

"మరి తీగె ఎందుకే అంబదాసూ?" అని ఎవరన్న అడిగితే చాలు, అక్కడనే నిలబడి నోరంతా తెరిచేటోడు.

"ముందటివి గావు. వెనక దవడ పన్ను ఒకటి పక్కకు తిరిగింది. కుడి దిక్కు. చూడు, చూడు."

ఆ దవడ పన్నును చూడబోయినోళ్లు ఎందరో. చూసినోళ్లు ఒక్కరు లేరు. ఒకసారి కాక బొగ్గు బాయి కాడికే పోయిండు. మా బాపు పోశం అప్పుడే షిఫ్టు దిగి బొగ్గు మొఖంతో పైకి వస్తుండు. నెత్తి మీది దీపం ఇంకా తిరిగి ఇయ్యలేదు. ఆ దీపంతోనే కాక నోట్లోకి వెలుగు కొట్టి చూసిండట.

"ఏం కనబడుతలేదు రా."

"ఇంకా లోపలికి చూడు, అన్నా."

"ఇంకా లోపలికి పోతే రెండో షిఫ్టు రాయించుకోవాలె," అన్నడు బాపు.

కాక పని మా కంపెనీ దవాఖానలో. పండ్లు పోయిన ముసలోళ్లకు కట్టుడు పండ్లు చేసుడు. పుట్టింది సిరిసిల్లలో మగ్గాల ఇంట్లో. చేతికి పోగుల పని అలవాటు గనుక తీగె వంచుడు ఆయనకు లెక్క కాదు. హైదరాబాదు నుంచి పండ్ల డాక్టరు నెలకొకసారి వచ్చి చూసి చెప్పిపోతే, మిగతా నెలంతా దవాఖానలో ఆ గది కాకదే.

ఆయన భార్య చంద్రవ్వ చిన్నమ్మ మాత్రం తప్పంతా నా మీదనే వేసేది.

"నీకు తీగె చేసినంకనే, నర్మదా, ఈయనకు పట్టింది. పిల్ల పెట్టుకున్నదని తను సుత పెట్టుకున్నడు. రేపు గాజులు సుత అడుగుతడు, చూస్తుండు."

ఆమె మాట అబద్ధం కాదు. నా నోట్లో తీగె పడ్డ వారంలోనే కాకకు ఈ పిచ్చి పట్టింది. అందుకే నా సంగతి సుత కొంచెం చెప్పాలె.

నా ముందు పండ్లు రెండు పెదవి దాటి బయటికి వచ్చేటివి. మిగతావి జమ్మికుంట బస్సులో మనుషుల లాగ ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. ఎనిమిదో తరగతిలో సారు లేపి పాఠం చదవమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చదివేదాన్ని. చెయ్యి తియ్యి అంటడు సారు. తీస్తే వెనక బెంచీలు నవ్వుతయి. ఒకనాడు కడుపునొప్పి అని ఇంట్లో ఉన్న. మర్నాడు సుత ఉన్న. నెల దాటినంక అవ్వ, "ఇగ పోకు తియ్," అన్నది. నా బడి అట్ల అయిపోయింది. అది కడుపునొప్పే అని అవ్వా, బాపూ ఇప్పటికీ అనుకుంటున్నరు.

బడి పోయింది గని చదువుడు పోలేదు. మా క్వార్టర్ల లైన్లో ఆడోళ్లకు ఉత్తరాలొస్తే చదివి చెప్పేది నేనే. అదీ చెయ్యి అడ్డం పెట్టుకొనే. పక్క ఇంటి గంగుబాయికి ఉట్నూరు నుంచి వాళ్ల అన్న ఉత్తరం రాస్తడు. సగం విని ఆమె విసుక్కునేది.

"ఉత్తరం నాకు చెప్తున్నవా, నీ చేతికి చెప్తున్నవా?"

పంతొమ్మిది వందల అరవై రెండులో బాపు పిప్పి పన్ను పీకించుకోను దవాఖానకు పోతే నేను తోడు పోయిన. కాక బాపు పన్ను దిక్కు చూడనే లేదు. నా చెయ్యి దిక్కు చూసిండు.

"ఎన్నేండ్లు బిడ్డా నీకు?"

"పదిహేను," అన్నడు బాపు. నేను నోరు తెరవనని ఆయనకు తెలుసు.

"అయితే ఎముక ఇంకా మాట వింటది," అన్నడు కాక. "మగ్గం మీద పోగు పక్కకు జరిగితే తిడుతమా, తెంపుతమా? మెల్లగ జరుపుతం. ఇది సుత గంతే. జర డాక్టర్ సాబ్‌ను రానీ."

వచ్చే నెల డాక్టర్ చూసిండు. జాగ కోసం పక్క పండ్లు రెండు తీయాలె అన్నడు. తర్వాత అంగిలికి అతుక్కునే తీగె ప్లేటు ఏడాదిన్నర పెట్టుకోవాలె. అన్నం తినేటప్పుడు, కడిగేటప్పుడు తప్ప తీయొద్దు. "నడుమ వదిలేస్తే పండ్లు మళ్ల మొదటి జాగకే పోతయి. ఇరవై దాటినంక వస్తే ఇంతకు రెండింతల కాలం పడుతది, అదీ పూర్తిగ అయితదని చెప్పలేను," అన్నడు.

అదే దినం గంగుబాయి సుత తన బిడ్డ సక్కుబాయిని గుంజుకొచ్చింది. పిల్లకు పదేండ్లు. ఇంకా బొటనవేలు చీకుతది. పై పండ్లు ముందుకొస్తున్నయి. ఈమెకు తీగె ఇప్పుడే వద్దన్నడు డాక్టర్. ఇంకా పాల పండ్లు ఉన్నయట. ముందు వేలు మాన్పించమన్నడు, రెండేండ్లకు చూద్దామన్నడు. గంగుబాయి పోయి వేలికి వేపాకు నూరి రాసింది. పిల్ల వేపాకుకు అలవాటు పడ్డది.

నా ప్లేటు కాకనే చేసిండు. ముందు పండ్ల మీద అడ్డం తీగె, వెనక సన్నటి తీగె చుట్టలు. ఏ పన్నును జరపాలెనో ఆ పన్ను వెనక ఒక చుట్ట. అది మెల్లగ ఒత్తుతుంటది. మొదటి దినం దవడలన్నీ సలిపినయి. ఆ సలుపు నేను ఓర్చుకున్న. ఓర్చుకోలేనిది మర్నాడు పొద్దున నల్లా కాడ వచ్చింది.

బిందెల వరుసలో నిలబడ్డ. గంగుబాయి నా మొఖంలోకి తొంగి చూసింది.

"ఏందే నర్మదా, నోట్లె సైకిల్ పుల్లలు పెట్టుకున్నవ్?"

పది మంది ఆడోళ్లు ఒక్కసారి నవ్విండ్రు. వాళ్లేం చెడ్డోళ్లు కాదు. పొద్దున పొద్దున నవ్వనీకి ఒక ముచ్చట దొరికింది, అంతే. నాకు మాత్రం వెనక బెంచీలు వినబడ్డయి. బిందె అక్కడనే పెట్టి దవాఖానకు పోయిన. ప్లేటు తీసి కాక బల్ల మీద పెట్టిన.

"నాకొద్దు కాకా."

ఎందుకని కాక అడగలేదు. "నల్లా కాడనా?" అన్నడు. నేను తల ఊపిన.

"సరే. ఇడ పెట్టు. కానీ నాలుగు దినాలు నాకు టైం ఇయ్యి. అప్పటికీ వద్దంటే నేనే పారేస్త."

ఆ నాలుగు దినాలు నేను బయటికి పోలేదు. కడుపునొప్పి మళ్ల వచ్చింది. ఐదో దినం పొద్దున అవ్వకు వీలుగాక నన్నే నల్లాకు తోలింది. పోయేసరికి ఆడోళ్ల వరుసలో ఒక మొగాయన బకెట్ పట్టుకొని నిలబడ్డడు. అంబదాస్ కాక. గంగుబాయి వెనక్కి తిరిగింది. కాక పెదవి ఎత్తిండు. తీగె ఎండకు తళుక్కుమన్నది. గంగుబాయి చేతిలో బిందె కింద పడ్డది.

"నీకేమైందన్నా?"

"నర్మదకు చేస్తుంటే నాకు సుత మనసైంది. వెనక దవడ పన్ను ఒకటి తిరిగింది. చూస్తవా? కుడి దిక్కు."

ఆనాడు నల్లా కాడ ఎవరూ నీళ్లు పట్టుకోలేదు. నవ్వీ నవ్వీ ఒకామె కూలబడ్డది. నేను సక్కగ దవాఖానకు పోయి, కాక బల్ల మీది నా ప్లేటు తీసి, కడిగి, పెట్టుకున్న. సాయంత్రం మళ్ల నల్లా కాడికి పోయిన. నా దిక్కు ఎవరూ చూడలేదు. వాళ్లకు నాతో పనేముంది, పనంతా కాకతో ఉన్నది.

అప్పటి నుంచి కాక పేరు మోగిపోయింది. ప్లేటును జర్దా డబ్బీలో దాచేటోడు. ఒకనాడు మా బాపు పాన్‌లోకి జర్దా కావాలని ఆ డబ్బీ తెరిచి, వారం దినాలు పాన్ మానేసిండు. పెద్దపల్లి పోయే రైల్లో టికెట్ అడిగినాయనకు కాక ఆ డబ్బీనే ఇచ్చిండు. ఆయన తెరిచి, మూసి, టికెట్ అడగకుండనే పక్క బోగీలోకి పోయిండట. ఒకసారి భార్య పోయిన ఒక ముసలాయనను పరామర్శించను పోయిండు. ముసలాయన ఏడుస్తూ ఏడుస్తూ తీగెను చూసి, "అన్నం ఎట్ల తింటవు బిడ్డా?" అని అడిగిండు. కాక ప్లేటు తీసి చూపెట్టి, మళ్ల పెట్టి చూపెట్టిండు. ఆ ముచ్చట్లో పడి ముసలాయన మూడు దినాల నుంచి ముట్టని అన్నం తిన్నడు.

"ఇజ్జత్ తీస్తుండు," అనేది చంద్రవ్వ చిన్నమ్మ. "నలుగురిలోకి పోవాలంటే పరేషాన్ అయితుంది నాకు."

ఏడాదిన్నర అట్ల గడిచింది. నెలకొకసారి డాక్టర్ నా చుట్టలు బిగించేటోడు. పండ్లు వెంట్రుక మందం వెంట్రుక మందం వెనక్కి పోయినయి. చివరికి ఒకనాడు అద్దం చేతికిచ్చి, "ఇగ రాత్రిపూట పెట్టుకుంటే చాలు. పని అయిపోయింది," అన్నడు. అద్దంలో పెదవులు రెండూ కలిసినయి. అవి కలిసి నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారం గంగుబాయి ఉత్తరాన్ని రెండు చేతులతో పట్టుకొని చదివిన. ఆమె ఆశ్చర్యపోయింది.

"ఇన్నొద్దులు సుత మా అన్న గిన్ని ముచ్చట్లు రాస్తుండెనా?"

తర్వాత నెల మా లైన్లో రాజలింగు బిడ్డ పెండ్లి. బంతిలో కూసున్న కాక ప్లేటు తీసి విస్తరి అంచున పెట్టిండు. డబ్బీ ఇంట్లో మరిచిండట. తిన్నంక అందరిలాగనే విస్తరి మడిచిండు. ఎత్తేటోళ్లు ఎత్తిండ్రు. చెయ్యి కడుక్కున్నంక కాక నోరు తడుముకున్నడు.

పెండ్లి ఆగలేదు గని భోజనాలు ఆగినయి. పందిరి వెనక మూడు వందల విస్తర్ల కుప్ప. మొగపెండ్లోళ్లు సుత కట్టె పుల్లలు పట్టుకొని వెతికిండ్రు.

"ఏం పోయింది, బంగారమా?" అని అడిగిండు పెండ్లికొడుకు మేనమామ.

"నా మొగుని పండ్ల దండెం," అన్నది చంద్రవ్వ చిన్నమ్మ.

కాక ఏ బంతిలో, ఎక్కడ కూసున్నడో నాకు గుర్తున్నది. చూస్తూ ఉండుడు తప్ప చిన్నప్పటి నుంచి నేను చేసిందేముంది. ఆ వరుస విస్తర్లు ఏ మూలకు పోసిండ్రో అక్కడ వెతికితే ఐదో విస్తరిలో పప్పు కింద దొరికింది. తీసుకపోయి నల్లా కింద కడిగిన. కడుగుతుంటే చెయ్యి ఆగింది.

ఆ ప్లేటుకు ఒక్క చుట్ట లేదు.

తిప్పి చూసిన. ఊడకుండ పట్టుకునే కొక్కాలు రెండు ఉన్నయి. కుడి దిక్కు దవడ పన్నును ఒత్తే తీగె లేదు. ఎడమ దిక్కూ లేదు. ముందర మెరిసే తీగె సుత దేన్నీ ఒత్తేది కాదు, ఊరికే వంచి పెట్టింది. ఇట్లాంటిది వందేండ్లు పెట్టుకున్నా ఒక్క పన్ను కదలదు. నాకంటే ఆ సంగతి కాకకే బాగా తెలుసు.

కాకను పందిరి పక్కకు పిలిచిన.

"కాకా, నీ ప్లేటుకు చుట్ట లేదు."

కాక అటూ ఇటూ చూసిండు. "కడిగినవా?"

"కడిగిన."

"ఎవరికన్న చూపెట్టినవా?"

"లే. మరి ఆ దవడ పన్ను..."

"దానికేమైంది బిడ్డా, మంచిగనే ఉన్నది," అన్నడు. ప్లేటును కండువతో తుడిచిండు. "నవ్వను వాళ్లకు ఒకరు గావాలె గదా. నాకేం ఫికర్, ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లయినయి."

"ఇగ తీసెయ్ కాకా. నావి అయిపోయినయి," అన్న.

"తీస్త, తీస్త. మీ చిన్నమ్మ సుత సంబురపడతది."

నిజంగనే తీసిండు. ఇరవై దినాలు కాక మామూలు మనిషి లాగ రామ్ రామ్ అన్నడు. లైనంతా బోసిపోయింది.

ఆ నెల డాక్టర్ వచ్చిపోయినంక, ఒక పొద్దున నల్లా కాడికి పోతే సక్కుబాయి తల్లి కొంగు వెనక నిలబడ్డది. వేలు ఎప్పుడో మానేసింది. ఇప్పుడు పెదవులు గట్టిగ బిగపట్టుకున్నది. ఆ బిగపట్టుడు నాకు తెలుసు, లోపల ఏమున్నదో సుత తెలుసు. గంగుబాయి ఆనాడు ఒక్క మాట మాట్లాడుతలేదు. ఎవరు ఏమంటరో అని అందరి మొఖాలు చూస్తున్నది. నా దిక్కు చూసి తల దించుకున్నది.

అప్పుడు వరుస చివర బకెట్ చప్పుడైంది. కాక వచ్చి నిలబడి, రెండు వేళ్లతో పెదవి ఎత్తిండు. తీగె తళుక్కుమన్నది.

"గంగుబాయీ, కుడిది సక్కగైంది," అన్నడు. "ఇప్పుడు ఎడమ దిక్కుది తిరిగింది. చూస్తవా?"

ఇండ్ల లైన్లోంచి చంద్రవ్వ చిన్నమ్మ గొంతు వినబడ్డది. "గాజులు తెస్తున్న, ఆగు."

నల్లా కాడ మళ్ల ఎవరూ నీళ్లు పట్టుకోలేదు. అందరికంటే ఎక్కువ గంగుబాయి నవ్వింది, కొంగుతో కండ్లు తుడుచుకుంటూ. కొంగు పక్కకు పోయేసరికి సక్కుబాయి నోరంతా తెరిచి నవ్వుతున్నది, తీగె మెరుస్తున్నది. అది చూసింది నేనొక్కదాన్నే.

నేను సుత నవ్విన. రెండు చేతుల్లో బిందె ఉన్నది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదని ఇంటికి పోయినంక గుర్తుకొచ్చింది.