పిడికిలి దూరని కారు

పాల్వంచలో మా కమాన్ల దుకాణానికి వచ్చే ప్రతి డ్రైవరూ ఒకటే మాట చెప్పేవాడు: "బండి కూసున్నది." లారీల కింద, జీపుల కింద బరువు మోసే ఇనప పట్టీల కట్టను మేం కమాను అంటాం. మోసి మోసి దానిలో వంపు పోతే బండి కిందికి దిగిపోతుంది. దాన్ని విప్పి, పట్టీలు కాల్చి, సుత్తితో కొట్టి వంపు తెచ్చి, బండిని మళ్ళీ పైకి లేపడమే మా పని. భద్రాచలం దారిలో మనుషుల్ని కుక్కుకుని తిరిగే జీపులూ, అడవి నుంచి వెదురు దింపే లారీలూ ఉండగా మాకు చేతినిండా పనే.

దుకాణం మా ఉస్తాద్‌ది. తాతల నాటినుంచి ఆ సాయిబుల ఇంట్లో ఇదే పని. ఆయన కొలబద్ద వాడగా నేను చూడలేదు. పని అయ్యాక చక్రానికీ పైన మడ్‌గార్డుకీ మధ్య పిడికిలి పెట్టి చూసేవాడు. పిడికిలి ధారాళంగా ఆడితేనే బండి బయటికి వెళ్ళేది. ఎప్పుడైనా కిరాయి కారు వస్తే, దాని స్ప్రింగు చుట్ల మధ్య పాత లారీ టైరు కోసిన రబ్బరు ముక్కలు కుక్కి ఎత్తు పెంచేవాడు. ఆ ముక్కల డబ్బా ఎప్పుడూ ఆయన చేతికి అందేంత దూరంలో ఉండేది.

నేను జూలూరుపాడు నుంచి వచ్చి ఆయన దగ్గర చేరి అప్పటికి ఆరేళ్ళు. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది, కరెంటు ప్లాంటు కాలనీలో ఇంటింటికీ కార్లు దిగుతున్నాయి. షెడ్డులో సగం ఇస్తే కార్ల పని మొదలుపెడతానని రెండేళ్ళుగా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. ఆయన వినేవాడు, బీడీ ముట్టించేవాడు, సుత్తి నా చేతికిచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఒక పొద్దున కాలనీ నుంచి ఒక ఇంజినీరు తన కారులో అట్టపెట్టె వేసుకుని వచ్చాడు. హైదరాబాదు నుంచి తెప్పించాడట. లోపల నాలుగు ఎర్ర స్ప్రింగులు, మామూలువాటికంటే పొట్టివి, గట్టివి. ఇవి వేస్తే కారు నేలకు దగ్గరవుతుందనీ, మలుపుల్లో ఊగదనీ చెప్పాడు.

ఉస్తాద్ ఒక స్ప్రింగును అటూ ఇటూ తిప్పి చూసి పెట్టెలో పెట్టేశాడు. "లేపుడు నా పని సార్. మంచిగున్న బండిని కూసోబెట్టుడు నాతోని కాదు."

"నేను చేస్త సార్" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

ఉస్తాద్ నా వైపు తిరిగాడు. "సరే బేటా, చెయ్యి. కారు దిగాలె, సక్కగ నడవాలె. గట్లయితే ఆ దిక్కు సగం షెడ్డు నీది, నీ బోర్డు పెట్టుకో. లేదంటె మళ్ళ నా ముంగట కార్ల పేరెత్తకు."

జీపుల అడ్డా మా ఎదురుగానే. అక్కడి డ్రైవర్లకు అంతకంటే మంచి కాలక్షేపం ఏం కావాలి? "కూసున్న బండ్లు మా దగ్గర మస్తున్నయ్ సార్, ఒకటి మార్చుకోరాదు?" అని ఒకడు అరిచాడు. ఇంజినీరు నవ్వేసి, మధ్యాహ్నం వస్తానని డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను మాత్రం నవ్వలేదు.

జాకీ పెట్టి నాలుగు చక్రాలూ తీసి, కారును దిమ్మెల మీద నిలబెట్టాను. ముందు చక్రాల దగ్గర స్ప్రింగు షాకబ్జర్‌కు చుట్టుకుని, బిగదీసి ఉంటుంది. అణిచిపట్టకుండా నట్టు విప్పితే ఎగిరొచ్చి మూతి పగలగొడుతుంది. అందుకని లేతు షాపులో ముందే చేయించి పెట్టుకున్న కొక్కేల బోల్టులు రెండు వైపులా తగిలించి, పానాతో కొంచెం ఇటు, కొంచెం అటు తిప్పుతూ అణిచాను. మొదటి స్ప్రింగు బయటికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

ఉస్తాద్ దూరంగా స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించాడు. రెండో స్ప్రింగు దగ్గర స్టూలు కొంచెం ఇటు జరిగింది. మూడోదానికి పేపరు కింద పడింది. నాలుగోదానికి ఆయనే వచ్చి, "సీదా పట్టుకో" అంటూ పక్కన గొంతుక్కూర్చున్నాడు. నాకు లోపల్లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. మిగిలిన బిగింపు ఆయనకు వదిలి, చేతులు కడుక్కుని రెండు ఇడ్లీలు తిని వచ్చాను. అప్పటికే చక్రాలు కూడా ఎక్కించేశాడు.

దిమ్మెలు తీసి జాకీ దింపాను. కారు పొద్దున ఎట్లా ఉందో అట్లానే ఉంది. ముందుకు తోసి వెనక్కి తోసి, బానెట్ మీద బరువంతా వేసి ఊపినా దిగలేదు. అడ్డా అంతా ఈలలు. "ఇంకింత లేసినట్టుందిరో!"

నాకు తల కొట్టేసినట్టయింది. స్ప్రింగులు నకిలీవేమోనని ఒకసారి, నేనే తిరగేసి పెట్టానేమోనని ఒకసారి అనుకున్నాను. చివరికి టార్చి పట్టుకుని కారు కిందికి దూరాను. నాలుగు ఎర్ర స్ప్రింగుల్లోనూ, చుట్ల మధ్య, నల్లగా, బిగుతుగా మన లారీ టైరు ముక్కలు!

బయటికి వస్తూనే అరిచాను. "మీరు పెట్టిండ్రా ఉస్తాద్? నన్ను ఓడగొట్టనీకి పెట్టిండ్రా?" ఆరేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదలు.

ఆయన అర్థం కానట్టు చూశాడు. తర్వాత తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. నల్లటి రబ్బరు మరక ఇంకా అలానే ఉంది. "యా అల్లా" అన్నాడు మెల్లగా. "ఎప్పుడు పెట్టిన్రా? నాకు సోయి లేదు." ముఖం ఎర్రబడింది. అబద్ధం ఆడే మనిషి ముఖం కాదది. నలభై ఏళ్ళుగా బండి కనిపిస్తే లేపిన చేతులవి, ఆయన్ని అడగకుండానే పని కానిచ్చేశాయి. నా కోపం అక్కడికక్కడే దిగిపోయింది, అరిచినందుకు సిగ్గేసింది.

నేను వద్దన్నా వినకుండా ఆయనే జాకీ ఎత్తి, పడుకుని, ఒక్కో ముక్కా పీకి బయటికి విసిరాడు. జాకీ దింపుతుంటే కారు వంగింది, ఇంకా వంగింది, చక్రాల మీదికి నిండుగా దిగి ఆగింది. అడ్డాలో ఈలలు లేవు. ఉస్తాద్ పిడికిలి బిగించి ముందు చక్రం మీద పెట్టాడు. దూరలేదు. రెండు వేళ్ళు మాత్రమే పట్టాయి. వెనక చక్రానికీ అంతే. నేను గాల్లో తేలాను.

ఇంజినీరు రాగానే ముగ్గురం కిన్నెరసాని దారిలో వెళ్ళాం. మలుపు వచ్చినప్పుడల్లా వెనక సీట్లో ఉస్తాద్ అలవాటుగా పైన పిడి పట్టుకున్నాడు. నాలుగో మలుపులో వదిలేశాడు. కారు రోడ్డును అంటిపెట్టుకుని తిరిగింది, ఎక్కడా కింద తగల్లేదు. "అవ్, మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి షెడ్డులో అటు సగం ఊడ్చి ఉంది. మధ్యలో సుద్దముక్కతో గీత. రబ్బరు డబ్బా గీతకు ఇవతల, ఆయన వైపు గోడ మూలకి చేరింది. "నా చెయ్యి గీత దాటితె పానాతోని కొట్టు" అన్నాడు ఉస్తాద్.

బోర్డు మీద అక్షరాలు నేనే రాసుకున్నాను. మేకులు ఆయన కొట్టాడు. ఆయన దిగాక చూస్తే, నా బోర్డు ఆయన బోర్డుకంటే సరిగ్గా ఒక పిడికిలి పైన ఉంది.