పూర్వపక్షానికి ఒక నెల

మా సభలో సంతకాలు పెట్టేవాళ్లు ఏనాడూ పదిమందికి మించలేదు. దర్శనాల చరిత్ర చదువుకుందామని నెలకొక ఆదివారం కూడేవాళ్లం. ఒక నెల హిందూపురంలో ఒక మేడమీది గదిలో, మరో నెల పెనుకొండలో అడిగి తీసుకున్న బడిగదిలో, ఆపై నెల ధర్మవరంలో ఒక సభ్యుడి మగ్గాల ఇంట్లో. రైల్లో వాదించుకుంటూ పోవడమే సగం సభ.

సభకు ఒక కట్టుబాటు ఉంది. ఏ దర్శనాన్ని ఖండించాలన్నా, ముందు దాన్ని తన సొంత నమ్మకమైనట్టు ‘నేను’ అంటూ నిలబెట్టాలి. అది పూర్వపక్షం. దానికి జవాబు, అంటే సిద్ధాంతం, అదే రోజు చెప్పకూడదు. మరుసటి నెల, మరో ఊళ్లో చెప్పాలి. అంతవరకూ ఎవరడిగినా ఆ వాదం తనది కాదనకూడదు.

ఈ నెల గడువు నేను పెట్టించిందే. ప్రశ్న విన్న గంటలోనే జవాబు చేతికిస్తే మనిషి ఆలోచించడు, చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు అన్నాను. సభలో ఒక్కరే అడ్డు చెప్పారు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, పెనుకొండ మనిషి, నుదుట విభూతి లేకుండా గడప దాటని ఆస్తికుడు. మేమందరం అయ్యవారు అనేవాళ్లం. నెలంటే చాలా పొద్దని, జనానికి సగం మాటే గుర్తుంటుందని ఆయన అన్నారు. ఓటు పెట్టి గెలిచాను. ఆ గెలుపును చాలాకాలం చెప్పుకున్నాను కూడా.

మొన్న వానాకాలం చివర, హిందూపురం సభలో, ఆయనకు లోకాయతం, అంటే చార్వాకుల నాస్తికవాదం, వంతు వచ్చింది. నేను నా వ్యాసాల్లో ఎన్నోసార్లు రాసిన వాదమే. కానీ ఆయన నోట విన్నాక నా వ్యాసాలు చప్పగా తోచాయి. పోయినవాళ్లకు పెట్టే కూడు వాళ్లకు చేరదు, పెట్టినవాని మనసు చల్లబడుతుంది, అంతే అన్నారు. నేను మా నాయనకు పిండం పెట్టలేదు. అయ్యవారు తన పెద్దలకు పెట్టడం ఒక్క ఏడూ మానలేదు. ఆ మాట ఆయన గొంతులోంచి వస్తుంటే ఒళ్లు జలదరించింది.

వెనక వరుసలో ఒక కొత్తాయన కూచుని ఉన్నాడు. నలభై దాటినవాడు, ఇస్త్రీ చొక్కా, మర్యాదైన నవ్వు. ఫోను మోకాలి మీద నిలబెట్టుకున్నాడు. రికార్డు చేసుకుంటున్నాడని తెలిసి సంతోషించాను. అంతా అయ్యాక లేచి, ఎంతో వినయంగా అడిగాడు.

‘ఇదంతా మీ మాటేనా సామీ?’

అయ్యవారు నావైపు ఒకసారి చూశారు. తర్వాత చెప్పారు.

‘ఈ నెలంతా నా మాటే.’

కట్టుబాటును అంత నిష్ఠగా పాటించినందుకు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేను.

అతను కత్తిరించి బయటికి వదిలిన వీడియో ముక్క నిమిషం కూడా లేదు. పిండం మాట, ఆ వెంటనే ‘ఈ నెలంతా నా మాటే’. నాలుగో రోజుకు అది నా ఫోనుకే మూడు వైపుల నుంచి వచ్చింది. చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక ఊళ్లో కార్తీకమంతా అయ్యవారు పురాణం చెబుతారు. రిటైరయ్యాక ఆయన బతుకంతా ఆ నెల కోసమే. ఆ ఊరి పెద్దమనిషి ఫోను చేసి, ఈ తూరి వద్దులే అయ్యవారూ, చూద్దాం అన్నాడట. పూలమ్మి పూలు ఇస్తూనే ఉంది గానీ మాట్లాడడం మానేసింది. ఇంటి ఎదురుగా ఎవరో మోటారుసైకిల్ ఆపుకుని కాసేపు నిలబడి పోతున్నారు. కొన్ని ఫోన్లు వస్తాయి. ‘పెద్దాయనా, ఇంట్లోనే ఉండావా?’ అని అడుగుతారు. ఉన్నానంటే పెట్టేస్తారు.

నేను పెనుకొండ పోయాను. మీరు నమ్మేది ఇది కాదని నాలుగు ముక్కలు చెప్పండి, నేనే వీడియో తీసి అందరికీ పంపుతాను అని బతిమాలాను. ఆయన రాసిపెట్టుకున్న సిద్ధాంతం కాగితాలు బల్లమీదే ఉన్నాయి, తేదీ హిందూపురం సభకు ముందుది.

‘గడువు పెట్టింది నువ్వే కదబ్బా. ఇంగా పదైదు దినాలుండాది.’

ఎత్తిపొడిచినట్టు లేదు. పిల్లవానికి లెక్క చెప్పినట్టు చెప్పారు. వద్దన్న కట్టుబాటును ఆయన పట్టుకున్నారు. పెట్టిన నేను వదిలేయమంటున్నాను.

పెనుకొండ సభ రోజు బడిగదిలో అడుగుపెట్టగానే చెమట పట్టింది. చిన్నపిల్లల బెంచీల్లో యాభైమందికి తక్కువ లేరు, ఇంకొందరు గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరూ అరవడం లేదు. అరిస్తే బాగుండుననిపించింది. ముందు బెంచీలో ఆ మర్యాదైన మనిషి, నాకు చోటు చూపించాడు.

అయ్యవారు అర్ధగంట చదివారు. కంటికి కనబడేదే ప్రమాణమంటే, ఆ మాటను ఏ కంటితో చూశావని మొదలుపెట్టి, లోకాయతాన్ని ఒక్కొక్క కీలు ఊడదీశారు. నా జన్మలో నా పక్షం మీద అంత మంచి దెబ్బ పడలేదు. ఒక్కరూ వినలేదు. ఫోన్లు అన్నీ దించే ఉన్నాయి.

అయిపోయాక ఆ మనిషి లేచాడు. ‘పోయిన నెల చెప్పాల్సింది కదా సామీ. ఇప్పుడు భయానికి చెప్తాండారు.’

‘ముందే రాసినా నాయనా. ఈడ పద్ధతి అట్లుండాది.’

‘ఎవరు పెట్టినారు ఆ పద్ధతి?’

ఆయనకు ఆ ఘడియలో కావలసింది ఒకే ఒక్క మాట. నేను పెట్టానని లేచి చెబితే ఆయన మీది బరువు సగం నా మీదికి వచ్చేది. ఎన్నో వేదికల మీద దేవుళ్లనే నిలదీసినవాణ్ని. బెంచీలోంచి లేవలేదు. అయ్యవారు నా వైపు చూడను కూడా చూడలేదు.

‘సభ పెట్టుకునింది’ అన్నారు.

తప్పయిందని ఒక్క మాట అనమన్నాడు ఆ మనిషి. అప్పుడు ఫోన్లన్నీ ఒకేసారి లేచాయి.

‘ఆ వాదం నిలబడదని అర్ధగంట చెప్పినా. దాన్ని బాగా చెప్పినందుకు మాత్రం క్షమాపణ అడగను.’

‘సరే సామీ, మీ ఇష్టం.’ అదే నవ్వు. పోతూ పోతూ బల్ల మీది సంతకాల పుస్తకం తీసి, పేజీ తర్వాత పేజీ, ఊళ్లతో సహా తీరిగ్గా ఫోటోలు తీసుకున్నాడు. ఎవరమూ ఆపలేదు.

కార్తీకంలో ఆ ఊళ్లో పురాణం రికార్డు ఎవరో మైకులో పెట్టి వినిపించారట. అయ్యవారు ఆ నెలంతా ఇల్లు దాటలేదని వాళ్లావిడ చెప్పింది.

ధర్మవరం సభకు ముగ్గురమే వచ్చాం. అందరికంటే ముందు వచ్చి కూచున్నది అయ్యవారు. ఈసారి పూర్వపక్షం వంతు నాది. ఆస్తికుల వాదాన్ని నాదన్నట్టు చెప్పాలి, దాన్ని ఎవరూ తప్పుపట్టరు, నాకు ఏ ప్రమాదమూ లేదు. అయినా మొదలుపెట్టే ముందు లేచి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టాను. అయ్యవారు లేచి, ఆ గడియ తీసి వచ్చి, తన చోట కూచుని, ‘ఊ, చెప్పబ్బా’ అన్నారు.