ఆకు బొమ్మ సబ్బు

తాడేపల్లిగూడెంలో గంజాయి ఆకు బొమ్మ ఉన్న సబ్బుల్ని పెట్టెల లెక్కన కొన్న మొట్టమొదటి కిరాణా వ్యాపారిని నేనే. రెండోవాడు ఇంకా రాలేదు. నన్ను చూశాక రాడు కూడా. పైగా మామూలు ధరకి కొనలేదు, చెప్పినదాంట్లో మూడో వంతుకి కొన్నాను. బేరంలో నన్ను కొట్టేవాడు ఉల్లిపాయల మార్కెట్టంతా వెతికినా దొరకడు. ఈ మాట నేను చెప్పుకుంటే బాగుండదు కానీ, ఇంకెవరూ చెప్పడం లేదు మరి.

ఓ మధ్యాహ్నం, జనం పల్చగా ఉన్న వేళ, టై కట్టుకున్న సేల్స్ కుర్రాడొకడు వచ్చి ఆకుపచ్చ సబ్బు ఒకటి కౌంటర్ మీద పెట్టాడు. గంజాయి గింజల నూనెతో చేసిందట. గింజల్లో మత్తుండదు, అనుమతులన్నీ ఉన్నాయి అంటూ కాయితాలు పరిచాడు. అట్ట మీద మాత్రం వేళ్లు చాపిన చెయ్యిలాగా ఆ ఆకే. నాకు కొనే ఉద్దేశం రవ్వంత కూడా లేదు. అమ్మొచ్చినవాణ్ణి పంపించడానికి మా ఇళ్లలో ఓ పద్ధతుంది. పొమ్మనం, పోయేంత తక్కువ ధర అడుగుతాం. అలాగే అడిగాను.

"తీసుకోండి సార్," అన్నాడు.

ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆలోచించలేదు వాడు. మా నాన్న నాకు దుకాణంలో నేర్పిన మొదటి పాఠం ఏమిటంటే, మనం అడిగిన ధరకి ఎదుటివాడు ఒప్పుకున్నాక ఇక వద్దనకూడదు. అలా వద్దన్నవాడి మాట మర్నాటి నుంచి బజార్లో చెల్లదు. సాయంత్రానికి సబ్బులు దిగాయి.

మా ఆవిడ ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏవండీ, ఇవి మీరు రుద్దుకోడానికా, అమ్మడానికా?"

"అమ్మడానికే."

"అయితే మీరే రుద్దుకోవాల్సొస్తుంది లెండి."

ఆవిడ అన్నట్టే అయింది. ఆడవాళ్లు బొమ్మ చూసి పక్కనున్న పసుపు సబ్బు తీసుకునేవారు. కాలేజీ కుర్రాళ్లు ఆకుతో సెల్ఫీ దిగి చూయింగ్ గమ్ కొనుక్కుని పోయేవారు. సరుకు కదలాలంటే ముందు దాని మీద భయం పోవాలి. భయం పోగొట్టడానికి నా దగ్గరున్న పెట్టుబడి నోరొక్కటే. ఆ విధంగా, జన్మలో బీడీ కూడా ముట్టనివాణ్ణి, సబ్బులు వదిలించుకోవడం కోసం గంజాయిని చట్టబద్ధం చెయ్యాలని వాదించేవాణ్ణయ్యాను.

సాయంత్రాలు మా దుకాణం ముందు బల్ల మీద ఇద్దరు కూర్చుంటారు. ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు. ఆదివారం చర్చికి వెళ్లినా, మంగళవారం మా కొట్టుకి వచ్చినా అదే ఇస్త్రీ చొక్కా. రెండోవాడు కొల్లేరు వైపు చేపల చెరువులు చేసే రైతు. మా వీధి అల్లుడు కాబట్టి అత్తారింటికి వచ్చినప్పుడల్లా కాఫీ అక్కడ తాగి కబుర్లు ఇక్కడ చెబుతాడు.

"అది కాదు మాస్టారూ," అని మొదలుపెట్టాను. "సరుకు మీద ధర, బరువు, తయారైన తేదీ లేకపోతే మోసం అక్కడే పుడుతుంది. గంజాయి పొట్లం మీద ఏముంటుంది చెప్పండి? లైసెన్సున్న కొట్లో పెట్టి, వయసు చూసి, బిల్లు రాసి అమ్మమనండి. దొంగసరుకు దానంతటదే పోతుంది."

"బ్రాందీకి బిల్లుంది కదా నాయనా," అన్నారు మాస్టారు మెత్తగా. "మా వీధిలో ఏం తగ్గింది? బిల్లు జేబులో పెట్టుకునే పడిపోతున్నారు."

అల్లుడు నవ్వాడు. "మా గట్ల మీద కాపలా కుర్రాళ్లు రాత్రిళ్లు మెలకువగా ఉండాలని గంజాయి మొదలెట్టారండి. ఇప్పుడు పగలు కూడా లేవట్లేదు. మేత జల్లడానికి నేనే పడవెక్కుతున్నాను. మీరు చట్టం చేసేముందు నాకో మనిషిని చూసి పెట్టండి బాబూ."

"జైల్లో పెడితే లేస్తాడా మరి?" అన్నాను నేను.

"అదీ నిజమేనండి. వెళ్లొచ్చినోడు పనికి రావడం అటుంచి, మనిషి మొహమే చూడట్లేదు."

ఇలా రోజూ. మాస్టారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, నా ప్రశ్నకి ఆయన దగ్గరా లేదు. కానీ వినడానికి జనం ఆగుతున్నారు, ఆగినవాళ్లలో ఒకరిద్దరు సబ్బు కొంటున్నారు. దాంతో నాకు ధైర్యం పెరిగింది. ఓ రోజు మంచి ఊపులో, "రేపో మాపో చట్టం వచ్చేస్తుంది. ఆకు బొమ్మ కొట్లోకే వచ్చేశాక ఇంకేం మిగిలింది? పాత కేసులన్నీ కొట్టేస్తారు, చూస్తూ ఉండండి!" అనేశాను. ఆ ముక్క నేనెక్కడా చదవలేదు. నోట్లో బాగా కుదిరిందని అన్నాను.

పక్క గోడౌన్లో ఉల్లిపాయలు ఏరడానికి ఉంగుటూరు నుంచి బస్సులో వచ్చే ఆవిడ అప్పుడు మెట్ల దగ్గర నిలబడి ఉంది. రోజూ టీపొడి, పంచదార మాత్రమే కొనే మనిషి ఆ రోజు ఓ సబ్బు అడిగింది. నేను మాస్టారి వంక గర్వంగా చూశాను.

మూడు వారాల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగి, సంచిలోంచి ఆ సబ్బు తీసింది. అట్ట కూడా విప్పలేదు.

"బాబుగారూ, ఇది ఏలూరు కోర్టులో చూపిత్తే సరిపోద్దాండి? లాయరుగారేమో నవ్వుతున్నారు."

ఏమీ అర్థం కాలేదు నాకు. మెల్లగా అడిగితే చెప్పింది. కొడుకు ఆటో తోలుతాడు. ఆటోలో గంజాయి పొట్లం దొరికింది. జైల్లో పెట్టారు. బెయిలు వచ్చింది కానీ జామీను పెట్టేవాళ్లు ఇద్దరు కావాలి. మరిది ఒప్పుకున్నాడు. రెండో మనిషిగా చింతలపూడిలో పామాయిల్ తోట ఉన్న అన్నయ్య వస్తానన్నాడు.

"కేసులు కొట్టేత్తారన్నారు గదండీ మీరు. గెలలు కోసే రోజులు, పని పాడు చేసుకుని ఎందుకొత్తావు అన్నయ్యా అని నేనే ఆపేశానండి. ఇప్పుడు రమ్మంటే ఆయన కొడుకులు పడనివ్వట్లేదు, మనకెందుకీ గొడవ అంటున్నారు."

నన్ను తిట్టడానికి రాలేదు ఆవిడ. అదే సబ్బు ఇంకోటి కొంటే బలంగా ఉంటుందేమోనని కూడా అడిగింది.

"అమ్మా, అది నేను ఊరికే అన్న మాట," అన్నాను. ఇంతకంటే చవక మాట నా కొట్లో ఎప్పుడూ అమ్మలేదు. ఆవిడ సబ్బుని మళ్లీ సంచిలో పెట్టుకుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆవిడ వెళ్లాక అలవాటు చొప్పున బేరానికి దిగాను. ఎదుట ఎవరూ లేరు కాబట్టి మా ఆవిడతో. లాయరు ఖర్చు మనం పెట్టుకుందామా అన్నాను. చింతలపూడి వెళ్లి వాళ్లన్నయ్యకి నచ్చజెబుదామా అన్నాను.

"వాళ్లకి కావాల్సింది సంతకం పెట్టే మనిషండి," అంది మా ఆవిడ, పప్పు తూస్తూ. "జామీనుకి చూపించడానికి ఇంటిపన్ను రసీదు బీరువాలో ఉంది. రేపు కొట్టు నేను చూసుకుంటాను."

మర్నాడు ఏలూరు కోర్టులో, ఆ కుర్రాడు నాకేమవుతాడని అడిగారు. నేనతన్ని ఎప్పుడూ చూడలేదు. "వాళ్లమ్మ మా కొట్టుకి వస్తారండి," అన్నాను. లాయరు గొంతు సవరించుకున్నాడు. మరిది ఒక సంతకం, నేనొకటి పెట్టాం. సాయంత్రం జైలు గేటు దగ్గర తల్లి కొడుకు చొక్కా గుండీలు సరిచేసింది. వాడికి పాతికేళ్లు కూడా ఉండవు. మాకు నమస్కారం పెట్టి, తల దించుకుని ఆటోలో మూలకి జరిగి కూర్చున్నాడు.

ఇక బిల్లు. మిగిలిన సబ్బులు ఇంట్లోనే అరగదీస్తున్నాం. చర్మం నున్నగా ఉందని మా ఆవిడ ఒప్పుకుంది, కాబట్టి అక్కడ నష్టం సగమే. చట్టం సంగతిలో బిల్లున్న సరుకే మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను. మాస్టారు బ్రాందీ గురించి అడిగినదానికి మాత్రం ఇప్పటికీ జవాబు బాకీ. ఇప్పుడు సబ్బులు అమ్మే అవసరం లేదు కాబట్టి నా మాట కాస్త తూకం చూసుకుని వస్తోంది. కేసు తేలేదాకా ఆ కుర్రాడు వాయిదా తప్పితే మా ఇంటి మీదికొస్తుంది. అది తెలిసే పెట్టాను సంతకం, దానికి ఫిర్యాదు లేదు. బెయిలు కాయితం వచ్చాక కూడా వాడు లోపలే ఉన్న రోజులున్నాయి. నా మాట వాళ్లమ్మ చెవిన పడకముందువి నావి కావు. పడ్డాక గడిచినవన్నీ నావే.