సామ కొత్తలో నా పేరు

1973, వానాకాలం చివర. పెదబయలు దగ్గర ఒక కొండవాలు ఊరు. అప్పట్లో నేను విశాఖపట్నంలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌ని. ఏజెన్సీ కొండల్లో సామ పంట దిగుబడి అంచనా వేసే సర్వేకి నన్ను పంపారు. మా పద్ధతిని క్రాప్ కటింగ్ అంటారు. ర్యాండమ్ నంబర్ల పట్టికలో ఏ అంకె వస్తే ఆ చేలో, ఆ చోటే మేకులు కొట్టి తాడు కట్టాలి. తాడు లోపలి పంట కోసి, నూర్చి, తూచాలి. మనకు నచ్చిన చోటు ఎంచుకుంటే లెక్క చెడుతుంది.

ఆ తాడు సోములమ్మ చేలో పడింది. మొగుడు పోయాక కొడుకుని పెంచుకుంటూ ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటున్న మనిషి, నోరు కాస్త పెద్దది. నా చేతిలో కొడవలి చూసి అడ్డంగా నిలబడింది.

“ఏటి బాబూ, సేత్తన్నావు? ఇంకా కొత్త పెట్టనేదు.”

“తాడు లోపలిదేనమ్మా, కొంచెమే.”

“కొంచెమైనా అంతే. పెద్దలు తినకుండా కోత్తే ఆళ్ళు ఊరుకుంటారేటి?”

కొత్త అంటే అక్కడ పండగ. కొత్త గింజ వండి ముందు చనిపోయిన పెద్దలకు పెడతారు. కొండ నరికి చేను చేసినవాళ్ళను, విత్తనం ఇచ్చినవాళ్ళను పేరుపేరునా పిలుస్తారు. అంతవరకు కొడవలి పెట్టకూడదు. కోసెయ్యమనీ, లేదా తాడు కట్టిన ఆ ప్లాటును లెక్కలోంచి కొట్టెయ్యమనీ మా సూపర్‌వైజర్ కబురు మీద కబురు పంపాడు. నాకు మొండితనం పుట్టుకతో వచ్చింది. కొత్త అయ్యేదాకా ఆగాను. ఈలోగా గాలికి సగం గింజ రాలిపోయింది.

వచ్చేస్తుంటే సోములమ్మ అడిగింది, “మళ్ళీ కొత్తకి వత్తావా?” అని.

“తప్పకుండా వస్తాను” అన్నాను. నిజంగానే వద్దామనుకున్నాను.

ఆ రాలిన గింజలే నా పరిశోధన అయ్యాయి. ఆలస్యంగా కోసిన ప్లాట్ల దిగుబడిని ఎలా సరిదిద్దాలో ఒక పేపర్ రాశాను. విదేశీ జర్నల్‌లో అచ్చయింది. దాని రీప్రింట్లు బీరువాలో పేర్చుకుని రోజూ ఒకసారి తాకేవాణ్ణి.

మా హెడ్ మాత్రం చప్పరించేశాడు. “రాయడం గొప్ప కాదయ్యా మూర్తీ, ఎవరైనా నిన్ను తలుచుకున్నారా?”

తలుచుకోవడమంటే సైటేషన్. మరొకరు తమ పేపర్‌లో మన పేపర్ను పేర్కొనడం. నాకు ప్రమోషన్ మీద రీడర్ పోస్టు రావాలంటే అవి కావాలి. ఎవరు ఎవరిని పేర్కొన్నారో చెప్పే లావుపాటి సంపుటాలు హైదరాబాద్‌లో ఒక లైబ్రరీకి వచ్చేవి. ఏ పని మీద వెళ్ళినా అక్కడికి పరుగెత్తి నా పేరు వెతికేవాణ్ణి. ఉండేది కాదు. రీడర్ పోస్టు పక్క గదిలోకి వెళ్ళింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు పోస్టు మీద ఆశ పోయింది. లోకంలో ఒక్క మనిషైనా చదివితే చాలుననిపించేది. అన్నం తింటూ పొలమారితే మా ఆవిడ నెత్తి మీద తట్టి, “ఎవరో తలుచుకుంటున్నారండీ” అనేది. “ఏ జర్నల్లోనో కనుక్కో” అనేవాణ్ణి.

ఏటా పెదబయలు వెళ్దామనుకోవడం, ఏదో ఒకటి అడ్డం రావడం. అలా పదేళ్ళు దాటిపోయాయి.

1984లో సరిగ్గా కొత్త రోజుల్లో విద్యార్థులను అరకు తీసుకెళ్ళినప్పుడు మనసు ఆగలేదు. జీపు పట్టుకుని ఆ ఊరు చేరాను. పొద్దున్నే అలికిన వాకిట్లో వరసగా ఆకులు. తల నెరిసిన సోములమ్మ, నాకు వీపు పెట్టి కూర్చుని, ఒక్కో ఆకులో సామన్నం పెడుతూ పేర్లు పిలుస్తోంది. మామగారు, మొగుడు, ఆ తర్వాత...

“మా సేను కొత్తదాకా ఆగిన మూర్తిబాబూ, నువ్వూ తిను.”

కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఇన్నేళ్ళు పుస్తకాల్లో వెతికింది చెవులారా విన్నాను. కళ్ళు నిండిపోయాయి. అది చనిపోయినవాళ్ళ వరస అని తర్వాత గానీ తట్టలేదు.

నేను దగ్గాను. ఆవిడ తిరిగి చూసింది.

“ఓలమ్మో! నువ్వు సచ్చిపోనేదా బాబూ?”

“లేదమ్మా. పోయానని ఎవరు చెప్పారు?”

“ఒకలు సెప్పాలా? వత్తానన్నావు. మాటిచ్చినోడు బతికుంటే రాడేటి? అందుకే ఏటేటా ఆళ్ళతోపాటు పిలుత్తన్నాను.”

ఆవిడ నా ఆకు తీసి పక్కన పెట్టేసి, ఇంట్లోంచి వేరే పళ్ళెం తెచ్చింది. “ఇంక నిన్ను పిలవను. బతికున్నోడిని పిలిత్తే ఆయుస్సు తరిగిపోద్ది.”

ఆశ కొద్దీ నోరు జారాను. “పిలిస్తే నాకేం ఫరవాలేదమ్మా.”

“సాల్లే! రాలేనోళ్ళని పిలుత్తాం గానీ, రాగలిగినోడిని పిలుత్తామా? నువ్వే రా.”

ఎవరైనా నన్ను తలుచుకుంటే బాగుణ్ణని పదేళ్ళు ఏడ్చాను. ఒక మనిషి నా కోసం ఎదురుచూసి, విసిగి, చివరికి నన్ను చంపేసుకుందని తెలియలేదు. ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే. ఆ తర్వాత ఒక్క కొత్త కూడా మానలేదు.

ఇప్పుడు సోములమ్మ లేదు. కోడలు ఆకు వేసి పిలుస్తుంది, “కొత్త పెట్టందే కోతకి ఒప్పుకోని సోములమ్మా, నువ్వూ తిను” అని. ఆ పేరు వినడానికే వెళ్తాను. ఆవిడ ఆకు పక్కన ఇంకో ఆకుకు చోటుంటుంది. తొందరేం లేదు గానీ, దాని మీద నా కన్నుంది.