తాళం వేసిన ఇంట్లో ముగ్గురం

ఇరవై రెండేళ్ల వయసులో నాకొక నమ్మకం ఉండేది: కూడికలూ తీసివేతలూ సరిగ్గా వస్తే ఎవరైనా ఒక కుటుంబాన్ని నడిపేయవచ్చని. అప్పట్లో మేం మిర్యాలగూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న ఎరువుల దుకాణంలో గుమస్తా. నేను డిగ్రీ అయ్యాక ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పనిలో చేరాను. ఆ మిల్లులో ఏదీ హఠాత్తుగా జరిగేది కాదు. ధాన్యం లారీ వస్తుంది, తేమ చూస్తారు, తూకం వేస్తారు, బియ్యం ఒకవైపు, తవుడు ఒకవైపు, ఊక ఒకవైపు పోతాయి. మా ఇంట్లో మాత్రం నెలలో ఇరవయ్యో తారీఖు దాటగానే అమ్మ మాటలు తగ్గిపోయేవి. ఇద్దరి జీతాలు వస్తున్నా ఇలా ఎందుకవుతోందని అడిగితే, "ఏదో ఒకటి అనుకోనిది వచ్చి పడుతుందే" అనేది. (అమ్మది కోదాడ. పెళ్లయి పాతికేళ్లయినా ఆమె మాట మాత్రం మిర్యాలగూడకు రాలేదు.) ఆ 'ఏదో ఒకటి' ఎక్కణ్నుంచి వస్తుందో కనిపెట్టాలని నాకు నిజంగానే కుతూహలం కలిగింది.

కుతూహలంతో పాటు స్వార్థం కూడా ఉంది. నాకు లైబ్రరీ సైన్సు చదవాలని కోరిక. ఫీజు తొమ్మిది వేలు, కట్టడానికి మూడు నెలల గడువు. ఇంటి ఖర్చు మూడు నెలలు నా చేతికివ్వండి, అందులో మిగిలింది ఫీజుకు తీసుకుంటాను అన్నాను. అమ్మ ఎంత సంతోషంగా ఒప్పుకుందంటే, ఆ సంతోషాన్ని నేను అప్పుడే అనుమానించి ఉండాల్సింది. నాన్న మాత్రం బాగా ఆలోచించి, "మూడు నెలలు నీ మాటనే మాట, బిడ్డా. నడుమల నేను వేలు పెట్ట" అన్నారు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే. అది ఎంత ఇబ్బందో నాకు తర్వాత తెలిసింది.

కిరాయి, పాలు, గ్యాసు, కూరగాయలు, బస్సు చార్జీలు అన్నీ రాసుకుని, చివర 'అనుకోనివి - అయిదు వందలు' అని రాశాను. అమ్మ ఆ కాగితం చూసి, "అనుకోనివాటికి అయిదు వందలవుతుందని ఎలా అనుకున్నావే?" అని అడిగింది. నేను ఆ అంకె కింద రెండు గీతలు గీశాను. మొదటి నెల నాలుగో తారీఖునే నీళ్ల మోటరు కాలింది, వరసలో ఉన్న అయిదిళ్ల వాళ్లూ కలిసి బాగు చేయించుకోవాలన్నారు. పదకొండో తారీఖున నాన్న ఫోను నీళ్ల బకెట్లో పడింది. అమ్మ రెండు పళ్లు పీకించుకుంది. (ఒకటే పీకించుకోమని నేను కోరిన మాట నిజం. డాక్టరు ఒప్పుకోలేదు.) అయినా నేను వెనక్కి తగ్గలేదు. ధాన్యంలో తేమ చూసినట్టు రాబోయే ఖర్చుల్ని ముందే పసిగట్టవచ్చని తోచింది. కనబడిన వాళ్లందర్నీ ప్రశ్నలడగడం మొదలుపెట్టాను. ఇంటి ఓనరును "మోటరు వయసెంత?" అని అడిగాను. ఎదురింటి టైలరమ్మను "ఈ మూడు నెలల్లో మీ ఇంట్లో ఏమన్నా ఫంక్షన్ ఉందా?" అని అడిగాను. ఆమె నేరుగా అమ్మ దగ్గరికి వచ్చి, "మీ పిల్లకు పెండ్లి మీద మనసు పడ్డట్టుంది, జర సూడుండ్రి" అని చెప్పి వెళ్లింది.

చాయ్‌లో చక్కెర తగ్గింది. ఆదివారం కోడికూర కోడిగుడ్డయింది. నాన్న దుకాణానికి నడిచి వెళ్లడం మొదలుపెట్టారు, డాక్టరు నడవమన్నాడని చెప్పారు. ఏ డాక్టరో నేను అడగలేదు. అలా మూడో నెల మధ్యకు వచ్చేసరికి నా దగ్గర సరిగ్గా తొమ్మిది వేలు నిలిచాయి.

ఆ ఆదివారం పొద్దున నేరేడుచర్ల నుంచి నాన్నకు వరసకు తమ్ముడయ్యే ఆయన ఫోన్ చేశాడు. "మీ అక్క ఇప్పుడే మా ఇంట్ల బొట్టు పెట్టింది. కొత్తింట్లకు పోతున్నరంట. ఇగ మీ దిక్కే వస్తున్నది, ఆటో ఎక్కింది."

నాన్నకు ఒక్కతే అక్క. మోతెలో ఉంటుంది కాబట్టి నాకు మోతె అత్త. అక్క కొత్తింట్లో అడుగుపెడుతుంటే తమ్ముడు ఒడిబియ్యం పోయాలి, పట్టుచీరె పెట్టాలి, బావకు బట్టలు పెట్టాలి. పుట్టింటి వాళ్లు ఏం తెచ్చారని ఊరంతా చూస్తుంది. నేను మనసులో లెక్క వేసుకున్నాను. తొమ్మిది వేలు. అత్త ఆ ఇంటిని నాలుగేళ్లుగా కడుతోంది. పునాది చూశాం, గోడలు చూశాం, స్లాబు రోజు వెళ్లి భోజనం చేసి వచ్చాం. ఇంత నిదానంగా, ఇంత బహిరంగంగా లేచిన ఇల్లు ఏ రకంగా అనుకోనిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ నా కాగితం మీద అది లేదు.

నాకు ఒక్కటే తోచింది. అత్త వచ్చేసరికి మనం ఇంట్లో లేకపోతే బొట్టు పెట్టడం కుదరదు. పిలుపు అందకపోతే వెళ్లనవసరం లేదు. వెళ్లకపోతే ఒప్పుకున్న మూడు నెలలూ నిండి ఫీజు కట్టే దాకా డబ్బు నిలుస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా వెళ్లి క్షమాపణ అడగవచ్చు. ఎక్కడికైనా వెళ్దామంటే చార్జీలవుతాయి. అందుకని ముందు తలుపుకు బయటి నుంచి తాళం వేసి, సందులోంచి తిరిగి దొడ్డి తలుపు గుండా లోపలికి వచ్చాను.

"సొంత ఆడబిడ్డకి తలుపేసుకుంటామటే?" అంది అమ్మ.

"రెండు వారాలమ్మా, అంతే."

అమ్మ నాన్నవైపు చూసింది. నాన్న గోడవైపు చూస్తూ, "మూడు నెలలు బిడ్డ మాటనే అన్న గద" అన్నారు. ఫ్యాను కిర్రుమంటుందని ఆపేశాం. ముగ్గురం చాపమీద కూర్చున్నాం. శ్రావణ మాసం ఉక్క. గంట తర్వాత ఆటో ఆగిన చప్పుడు వినిపించింది.

అత్త తలుపు రెండుసార్లు కొట్టింది. తాళం పట్టుకుని లాగిన చప్పుడు వచ్చింది. ఇక వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె మెట్టుమీద కూర్చుంది. ఎదురింటి టైలరమ్మ మంచినీళ్లు తెచ్చి, "పొద్దుగాల ఉండిరి. ఎటు వోయిన్రో" అంది.

"వస్తరులేవమ్మా, నాకేం పని ఉన్నది" అంది అత్త. ఆమె గొంతు పొలంలో అవతలి గట్టు మీది వాళ్లను పిలవడానికి అలవాటుపడిన గొంతు. "మా తమ్ముడు గిట్ల ఇల్లిడిచి తిరిగేటోడు గాదు. చిన్నప్పుడు బర్రెను సూస్తె ఏడ్చెటోడు. పదో తరగతి దాంక నా కొంగు పట్టుకొనే బడికి వోయిండు."

నాన్న నావైపు చూసి, కాదు అన్నట్టు చెయ్యి ఊపారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"అన్నం గూడ నేనే తినిపించేదాన్ని, మీసాలొచ్చినంక గూడ."

నాన్న రెండు చేతులూ ఊపారు.

"సదువుల మాత్రం జర మందం. ఏడో తరగతి రెండు సార్లు తప్పిండు."

నాన్నకు జీవితంలో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో మండలం మొత్తానికి రెండో స్థానం. ఆయన లేచి నిలబడ్డారు. నేను కాలు పట్టుకున్నాను.

"ఒక్కసారి గూడ తప్పలే!" అని తలుపు లోపలి నుంచి అరిచారు.

బయట టైలరమ్మ, "లోపల మనుషులున్నట్టున్నది" అంది.

"మనుషులేడున్నరమ్మా, తాళమేసి ఉన్నది గద. ఇల్లే మాట్లాడింది" అంది అత్త. తర్వాత తలుపుకు దగ్గరగా వచ్చి, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మర్యాదగా చెప్పింది. "ఓ ఇల్లమ్మా, ఈ బుధవారం గాక పై బుధవారం మేము కొత్తింట్లకు పోతున్నం. నువ్వు తప్పకుండ రావాలె. తాళమేసుకొనే వచ్చినా మంచిదే." ఆపైన కుంకుమ భరిణె తీసి తలుపుకూ, తాళానికీ బొట్టు పెట్టింది. ఇంట్లో ఎవరూ లేకపోతే తలుపుకు బొట్టు పెట్టి పోతారనీ, అదీ పిలిచినట్టేననీ నాకు తెలియక కాదు. రెండుసార్లు నేనే అలా పెట్టి వచ్చాను. కానీ నా పథకంలో తలుపు గురించి ఆలోచించలేదు.

నేను దొడ్డిదారిన వెళ్లి, సందు తిరిగి, తాళంచెవి పట్టుకుని ఆమె ముందుకు వచ్చాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏడికి వోయినవ్ కోడలా, గంత చెమట పట్టింది?" అంది.

లోపలికి వచ్చాక ఫ్యాను వేయించుకుని కూర్చుంది. "ఎవరిదీ తెలివి?" అని అడిగింది. "నాదే వదినా" అంది అమ్మ. "నాదే అక్కా" అన్నారు నాన్న. నాదేనని నేను చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆమెకు కోపం వస్తుందనుకుంటే కుతూహలం వచ్చింది.

"అంటే, పుస్తకాలు సదవనీకి గాదు, సర్దనీకి సదువా? దానికి తొమ్మిది వేలా?"

"అవునత్తా."

"పైసలున్నయా?"

"ఉన్నాయి."

"అయితే కట్టు. ఒడిలకు బియ్యం తెండ్రి, సాలు. మిర్యాలగూడల ఉండి బియ్యం లేవంటే ఎవరన్న నమ్ముతరా?" అని, తమ్ముడివైపు తిరిగి, "నువ్వేం పరేషాన్ గాకు తమ్మీ. పిల్లను సదవనియ్యి. మండలంల రెండో నంబరొచ్చినోనివి, నీకు నేను జెప్పాల్నా?" అంది.

ఆ తర్వాత నాన్న డబ్బు సంగతి ఎత్తలేదు. సోమవారం ఎత్తలేదు, గురువారం ఎత్తలేదు, ఆదివారం వచ్చినా ఎత్తలేదు. ఒక్కసారి అడిగితే కోపగించుకుని ఇచ్చేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన మాత్రం రోజూ దుకాణానికి నడిచి వెళ్లి, నడిచి వచ్చి, ఏమీ లేనట్టు పేపరు చదువుకున్నారు. అమ్మతో అంటే, "ఆయన అడగరు. అడిగితే నీకు తేలికైపోతుంది" అంది. మంగళవారం అమ్మ బియ్యంలో పసుపు కలుపుతుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఆ బియ్యంలోంచి రాళ్లు ఏరసాగారు. మిల్లు బియ్యం, రాళ్లుండవు. అయినా చాలాసేపు ఏరారు.

బుధవారం తెల్లవారుజామున బయలుదేరి సూర్యాపేటలో బస్సు దిగాం. ముహూర్తం పది తర్వాత. మోతె బస్సు దగ్గరికి పోకుండా, అప్పుడే షట్టరు ఎత్తుతున్న బట్టల దుకాణంలోకి ముందు నేను నడిచాను. ఆకుపచ్చ పట్టుచీరె, మామకు పంచెల చాపు తీసుకున్నాం. నాన్న చీరెను చేతిలోకి తీసుకుని అంచు చూశారు, మళ్లీ చూశారు, బిల్లు మాత్రం చూడలేదు. ఫీజు గడువు శనివారం. ఆ శనివారం నేను మిల్లులోనే ఉన్నాను.

ఒడిబియ్యం పోస్తున్నప్పుడు చీరె చూసి అత్త నా చెవిలో, "ఫీజు కట్టలేదానే?" అంది. "కట్టానత్తా. ఇది వేరే డబ్బు" అన్నాను. ఆమె కొత్తింటి అరుగు మీద కూర్చుని, వచ్చిన వాళ్లందరికీ, "మా తమ్ముడు పెట్టిండు" అని అంచు పట్టుకుని చూపించింది. నాన్న ఆ పూట బూరెలు ఎన్ని తిన్నారో అమ్మ లెక్కపెట్టింది. నేను పెట్టలేదు.

ఫీజు మరుసటి ఏడాది కట్టాను. ఏడాది చదువు, కాబట్టి అత్త లెక్కలో రెండేళ్లు పట్టింది. "మా కోడలు ఒకపారి తప్పింది, అయినా ఇడువలే" అని ప్రతి పెళ్లిలో, ప్రతి పందిట్లో, నా పెళ్లి చూపుల్లో కూడా చెప్పింది. ఒక్కసారి కూడా తప్పలేదని అరవాలని నాకూ అనిపించేది. అరిస్తే నిజం చెప్పాలి. ఆమెకు నిజంగా తెలియదో, తెలిసే నన్ను మాట్లాడించాలని చూసేదో నాకు తెలియదు. అడుగుదామనుకుంటూనే పదిహేనేళ్లు గడిపాను.

నాన్న పోయి నాలుగేళ్లయింది. అత్త పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. కబురు వచ్చినప్పుడు నేను సూర్యాపేటలో, లైబ్రరీలోనే ఉన్నాను. ఆడమనిషి పోతే పుట్టింటి చీరె కప్పాలి. ఆ పుట్టింటి తరఫున మిగిలింది నేను. దారిలో ఒక దుకాణం ముందు ఆగి, చీరె కావాలన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఎందుకో తెలియదు కదా, నవ్వుతూ అడిగింది: "బడ్జెట్ ఎంతల సూపియ్యమంటరు మేడం?"

ఇంటి ఖర్చు ఇప్పుడు నేనే చూస్తాను, నెలాఖరుకు రూపాయి తేడా రానివ్వను. ఆ దుకాణంలో నిలబడి ఎంతసేపు ఆలోచించినా ఒక్క అంకె కూడా నోటికి రాలేదు. ఏడుపు ఆపుకున్న మొహం మీదే, అమ్మ అడిగిన ఆ అయిదు వందల ప్రశ్న గుర్తొచ్చి, కొంచెం నవ్వు వచ్చింది. అమ్మాయి భయపడి, అన్నీ తీసి ముందు పరిచింది.