వేలెడు జాగా

మార్కాపురంలో పలకరాయి చీల్చే ఏసురత్నానికి ఒక బొమ్మకొండ చేసే పని పడింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. దొనకొండలోని రైలు ఉద్యోగులు కొందరు తమ వేడుకలో కీ ఇస్తే నడిచే బొమ్మరైలును జనానికి చూపించాలనుకున్నారు. అది తిరగడానికి గిద్దలూరు అవతలి నల్లమల కనుమను అచ్చంగా చేసిపెట్టమన్నారు. ఆ కనుమలోనే, పట్టాలు బాగుచేస్తుండగా బండ జారిపడి అతని కొడుకు ఏబేలు పోయాడు. అడిగినవాళ్ళకు ఆ సంగతి తెలియదు, పాపం. ఏసురత్నమూ చెప్పలేదు.

పని ఒప్పుకున్నది భార్య ప్రేమకుమారి కోసం. కొడుకు ఒళ్ళు మరిచి నిలబడ్డాడనీ, లేకుంటే తప్పుకునేవాడేననీ ఎవడో నోటిదురద కొద్దీ అన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడింది. పోయిన బిడ్డ మీద కోపం పెట్టుకుని బతకడమంటే ఎంత నరకం! ఆ చోటు చూడబోవాలంటే మాత్రం ఆమెకు కాళ్ళు రాలేదు. బొమ్మలోనైనా చూస్తే ఆ ముల్లు ఊడుతుందేమోనని అతని ఆశ.

గని దగ్గర పారేసిన పలకముక్కలు, ఎర్రమన్ను, తుమ్మజిగురు తెచ్చి, ఎండిన గరికవేళ్ళను చెట్లుగా గుచ్చి కొండను లేపాడు. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? పలకలు దొంతి పెట్టినట్టే పొరలన్నీ సాపుగా పరిచాడు. ప్రేమకుమారి చాలాసేపు చూసింది.

"ఇట్ల పడుకున్న రాయి ఎట్ల జారిందయ్యా?" అంది.

ఏసురత్నం మర్నాడు రైలెక్కి, ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన ఆ చోటికి పోయాడు. పొరలన్నీ పట్టాల వైపే వాలి ఉన్నాయి. ఇటు రాయి, అటు రాయి, నడుమ రైలు పట్టేంత సందు. ఇంటికొచ్చి కొండను పగలగొట్టి, పొరలను ఏటవాలుగా పెట్టి మళ్ళీ కట్టాడు.

ప్రేమకుమారి పట్టాల పక్కన వేలు పెట్టబోయింది. పట్టలేదు.

"తప్పుకునేదానికి జాగా ఏది?"

"లేదే."

"అయితే నా బిడ్డ ఏమరలేదు" అంటూ ఆమె ఆ కొండ పక్కనే కూలబడింది. ఏబేలూ, ఏబేలూ అని పేరుపెట్టి కరువుతీరా ఏడ్చింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుని, వేలెడు జాగా చెయ్యమని మొగుణ్ణి అడిగింది. అతను ఉలి తీసుకుని పట్టాల పక్క రాతిలో చిన్న గూడు తొలిచాడు.

వేడుకనాడు బొమ్మరైలు గిర్రున తిరుగుతుంటే జనం చప్పట్లు కొట్టారు. ఆ కనుమలోనే పనిచేసే నిత్యానందం వంగి చూసి, అక్కడ ఈ గూడు లేదే, ఇది ఏంది పెద్దాయనా అని అడిగాడు.

"మనిషి నిలబడేదానికి" అన్నాడు ఏసురత్నం.